టీవీ ఆపేసి పడుకున్న ఎన్నికల రాత్రి

ఒహాయోలో మా ఇంటి దగ్గర స్కూల్ జిమ్‌లో ప్రతి నవంబరులోనూ పోలింగ్ డ్యూటీ చేస్తాను. పొద్దున్న ఐదున్నరకల్లా అక్కడ ఉండాలి. ఆరున్నరకి తలుపులు తీస్తాం, రాత్రి ఏడున్నరకి మూస్తాం. అధ్యక్ష ఎన్నికల ఏడాదైతే మంచినీళ్లు తాగడానికి కూడా తీరిక దొరకదు. మిగతా ఏడాదుల్లో మాత్రం మధ్యాహ్నం రెండు దాటాక గంటకి పదిమంది వస్తే గొప్ప. అప్పుడు కుర్చీలు దగ్గరికి లాక్కుని కబుర్లు చెప్పుకుంటాం. డ్యూటీలో ఉండగా ఇప్పటి పార్టీల గురించి, అభ్యర్థుల గురించి నోరెత్తకూడదు. పాత ఎన్నికల గురించి మాట్లాడుకుంటే మాత్రం ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఓటర్ల జాబితా దగ్గర నా పక్కన కూర్చునేది రిటైరైన చరిత్ర టీచరు. మెషీన్లు చూసుకునే పెద్దాయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఒకసారి ఇలాగే ఖాళీగా ఉన్నప్పుడు ఆవిడ అడిగింది: "అన్నిటికంటే చప్పగా జరిగిన అధ్యక్ష ఎన్నిక ఏది?"

పెద్దాయన ఆలోచించకుండా 1984 అన్నాడు. రొనాల్డ్ రీగన్ 49 రాష్ట్రాలు గెలిచాడు. వాల్టర్ మాండేల్‌కి దక్కింది సొంత రాష్ట్రం మిన్నెసోటా, రాజధాని వాషింగ్టన్ డీసీ మాత్రమే. ఆ మిన్నెసోటా కూడా 3,761 ఓట్ల తేడాతోనే దక్కింది. ఎలక్టోరల్ ఓట్లు, అంటే రాష్ట్రాల తరఫున ఎలక్టర్లు వేసి అధ్యక్షుణ్ని తేల్చే ఓట్లు, 525, 13. "ఆ రాత్రి చూడ్డానికి ఏముంది?" అన్నాడాయన.

టీచరు 1820 అంది. నేను 1996 అన్నాను. "అదేమిటి, అప్పటికి నువ్వింకా ఈ దేశానికి రాలేదనుకున్నానే" అంది ఆవిడ. వచ్చాను. సరిగ్గా మూడు నెలలైంది.

ఆ రోజు మాట అక్కడితో ఆగిపోయింది కానీ నా బుర్రలోంచి పోలేదు. ఆ తర్వాత చాలా రోజులు పాత ఎన్నికల గురించి కౌంటీ లైబ్రరీలో పుస్తకాలు తెచ్చుకుని చదివాను. చదివే కొద్దీ నాకు ఒక విషయం బలంగా అనిపించింది. ఎన్నిక చప్పబడేది గెలిచేదెవరో ముందే తెలిసిపోవడం వల్ల మాత్రమే కాదు. జనం జీవితాలని మార్చే పెద్ద విషయం మీద రెండు పార్టీలూ ముందే ఒక మాట మీదకి వచ్చేసినా, లేదా ఇద్దరూ దాన్ని ముట్టుకోకూడదనుకున్నా, అప్పుడు కూడా ఎన్నిక చప్పబడుతుంది. ఈ రెండో రకం చప్పదనం నాకు భయం కలిగిస్తుంది. ఎందుకంటే ఆ ఒప్పందం చాలాసార్లు ఓటు లేనివాళ్ల గురించే జరుగుతుంది.

1984ని నేను ఒప్పుకోను, ఆ మాట మొదటే చెప్పేస్తాను. గెలుపు ఏకపక్షమే. కానీ పెద్ద పార్టీ తరఫున ఒక మహిళ, జెరాల్డీన్ ఫెరారో, ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన మొదటి ఎన్నిక అది. ఆవిడ వేదికెక్కినప్పుడు ఎందరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారో మా టీచరే చెప్పింది, ఆవిడా అందులో ఒకరు. అలాంటి ఎన్నికని చప్పనిదని ఎలా అంటాం?

1820 సంగతి వేరు. కాగితం మీద చూస్తే దాన్ని మించిన చప్పటి ఎన్నిక ఇంకోటి దొరకదు. జేమ్స్ మన్రో రెండోసారి నిలబడ్డాడు, ఎదురుగా ఎవరూ లేరు. ఫెడరలిస్టు పార్టీ చితికిపోయి అభ్యర్థిని కూడా నిలబెట్టలేకపోయింది. ఆ పార్టీ తరఫున ఒకప్పుడు దేశాధ్యక్షుడిగా చేసిన జాన్ ఆడమ్స్ కూడా మసాచుసెట్స్ ఎలక్టరుగా మన్రోకే ఓటు వేశాడు. మన్రోకి 231 ఎలక్టోరల్ ఓట్లు పడితే, ఒక్క ఓటు మాత్రం పక్కకి పోయింది. న్యూ హాంప్‌షైర్‌కి చెందిన విలియం ప్లూమర్ దాన్ని ఆ జాన్ ఆడమ్స్ కొడుకు జాన్ క్విన్సీ ఆడమ్స్‌కి వేశాడు. ఏకగ్రీవంగా ఎన్నికైన ఘనత మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ ఒక్కడికే ఉండాలని ప్లూమర్ అలా చేశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజానికి మన్రో పాలన ఆయనకి నచ్చలేదు, ముఖ్యంగా డబ్బు విషయంలో. కథ కంటే నాకు ఈ అసలు కారణమే నచ్చింది. 231 మంది ఒకవైపు ఉన్నా, నచ్చని మనిషికి ఓటు వెయ్యనన్నాడు.

అయితే ఆ ఏడాది దేశం ఏమైనా ప్రశాంతంగా ఉందా అంటే అసలు లేదు. 1819లో మొదలైన ఆర్థిక సంక్షోభంలో బ్యాంకులు మూతపడి, పొలాలు వేలానికి వచ్చాయి. మిస్సోరి రాష్ట్రంలో బానిసత్వం ఉండాలా వద్దా అని కాంగ్రెస్‌లో, అంటే ఇక్కడి పార్లమెంటులో, నెలల తరబడి కొట్టుకున్నారు. 1820 మార్చిలో ఒక రాజీ కుదిరింది. మిస్సోరిలో బానిసత్వం ఉంటుంది, బదులుగా మెయిన్ అనే ప్రాంతం బానిసత్వం లేని రాష్ట్రంగా వస్తుంది. ఈ గొడవ తనని అర్ధరాత్రి మోగిన అగ్నిప్రమాద గంటలా ఉలిక్కిపడి లేచేలా చేసిందని వృద్ధుడైన మాజీ అధ్యక్షుడు జెఫర్సన్ ఒక ఉత్తరంలో రాశాడు. మిస్సోరి ఇంకా పూర్తిగా రాష్ట్రం అయిందో లేదో తేలక, దాని మూడు ఓట్లని కలిపితే ఇంత, కలపకపోతే ఇంత అని రెండు లెక్కలూ చదివి మన్రో గెలిచాడని ప్రకటించారు. ఓట్ల లెక్కలో కూడా దూరిపోయిన ఆ ప్రశ్న, ఓటర్ల ముందుకి మాత్రం రాలేదు. ఎవరి బతుకు గురించి ఆ రాజీ కుదిరిందో ఆ మనుషుల్ని అడిగినవాళ్లు లేరు.

ఇక నా 1996.

ఆగస్టులో ఎమ్మెస్ చెయ్యడానికి ఒహాయో వచ్చాను. నలుగురు అమ్మాయిలం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. ఎవరో వదిలేసిన టీవీ ఒకటి ఉండేది, యాంటెనా సరిచేస్తే మూడు ఛానళ్లు వచ్చేవి. ప్రపంచమంతా చూసే ఎన్నిక జరగబోతోంది, దాన్ని దాని గడ్డ మీదే చూడబోతున్నాను అని నాకు చాలా ఉత్సాహంగా ఉండేది. క్యాంపస్‌లో మాత్రం ఎవరికీ పట్టలేదు. గోడల మీద రాతల్లేవు, మైకుల్లేవు. నా క్లాసులో ఒకబ్బాయిని ఎవరికి వేస్తావని అడిగితే, ఎన్నిక ఎప్పుడని నన్నే తిరిగి అడిగాడు.

అక్టోబరు 6న హార్ట్‌ఫర్డ్‌లో జరిగిన మొదటి డిబేట్ మొత్తం కూర్చుని చూశాను. అప్పటి అధ్యక్షుడు, డెమోక్రాట్ బిల్ క్లింటన్ నవ్వుతూ, తడుముకోకుండా మాట్లాడాడు. ఆయన మీద నిలబడ్డ రిపబ్లికన్ బాబ్ డోల్‌కి 73 ఏళ్లు. కుడి చేతిలో ఎప్పుడూ ఒక పెన్ను పట్టుకుని ఉండేవాడు. ఎందుకో మా సీనియర్ అక్క చెప్పింది. 1945లో ఇటలీలో యుద్ధంలో తగిలిన దెబ్బకి ఆ చెయ్యి పనికిరాకుండా పోయిందట. ఎవరైనా ఆ చేతిని పట్టుకుని ఊపకుండా పెన్ను పట్టుకుంటాడట. అప్పటినుంచీ ఆయన మాటల కంటే ఆ చెయ్యినే చూస్తూ ఉండిపోయాను. సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని చీకోలో రెయిలింగ్ ఊడి ఆయన స్టేజీ మీద నుంచి కింద పడినప్పుడు, టీవీలో ఆ దృశ్యాన్ని మళ్లీ మళ్లీ వేస్తుంటే బాధేసింది. డిబేట్ చివర్లో ఆయన తన వెబ్‌సైట్ అడ్రస్ చెప్పాడు, ఒక చుక్క మర్చిపోయాడు. మర్నాడు కంప్యూటర్ ల్యాబ్‌లో మేం చుక్క పెట్టి ఆ సైట్ తెరవడానికి ప్రయత్నించాం. ఆ ఎన్నిక మొత్తంలో నా చుట్టూ ఉన్నవాళ్లు ఆసక్తి చూపించింది ఆ ఒక్క రోజే.

నవంబరు 5 రాత్రి నేను టీవీ ముందు కూర్చున్నాను. క్లింటన్ గెలిచాడని చాలా త్వరగా చెప్పేశారు. చివరికి లెక్క 379, 159. "అయిపోయిందిగా, రేపు క్విజ్ ఉంది, పడుకో" అంది అక్క. టీవీ ఆపేసి పడుకున్నాను. నిజంగానే ఏమీ జరగలేదనుకున్నాను. ఓటు వయసున్న వాళ్లలో దాదాపు 49 శాతం మందే ఆ రోజు ఓటు వేశారు. ముందూ వెనకా ఎన్నికలతో పోలిస్తే అది ఎంత తక్కువంటే, అలాంటి అంకె కోసం 1924 దాకా వెనక్కి వెళ్లాలి.

ఏమీ జరగలేదని నేననుకున్న ఆ ఏడాదిలోనే నా తర్వాతి ఇరవై ఏళ్లు రాసి పెట్టి ఉన్నాయని అప్పుడు తెలీదు.

ఆగస్టు 22న, అంటే నేను ఇంకా బస్సు రూట్లు నేర్చుకుంటున్న రోజుల్లో, క్లింటన్ సంక్షేమ పథకాల చట్టం మీద సంతకం పెట్టాడు. అంతకుముందు రెండుసార్లు వీటో చేసి, ఎన్నికల ఏడాదిలో మూడోసారి ఒప్పుకున్నాడు. దాంతో చట్టబద్ధంగా ఉంటున్న వలసదారుల్లో కూడా చాలామందికి, పౌరసత్వం లేకపోతే, తిండి కోసం ఇచ్చే ఫుడ్ స్టాంపులు, పేద వృద్ధులకి, వికలాంగులకి ఇచ్చే ఎస్‌ఎస్‌ఐ సాయం ఆగిపోయాయి. కొత్తగా వచ్చేవాళ్లకి పేదల వైద్య పథకం మెడికెయిడ్ ఐదేళ్ల దాకా లేదన్నారు. గగ్గోలు పుట్టాక, అప్పటికే ఎస్‌ఎస్‌ఐ తీసుకుంటున్న వాళ్లకి మరుసటి ఏడాది దాన్ని తిరిగి ఇచ్చారు. సెప్టెంబరు 30న వలస చట్టం వచ్చింది. దాన్ని విడిగా కూడా తేలేదు, ప్రభుత్వ ఖర్చుల భారీ బిల్లులో కలిపేశారు. ఆర్థిక సంవత్సరానికి ఆఖరి రోజది, ఎన్నికకి ఐదు వారాల ముందు.

ఇవాళ అమెరికాలో ఉన్న మన వాళ్లలో చాలామందికి ఆ చట్టం పేరు తెలీదు, దాని పని మాత్రం అందరికీ తెలుసు. ఉండటానికి ఇచ్చిన గడువు అయిపోయాక 180 రోజులు దాటి ఉండిపోయి, తర్వాత దేశం వదిలితే మూడేళ్లు తిరిగి రాకూడదు, ఏడాది దాటితే పదేళ్లు రాకూడదు. ఈ నియమం అందులోదే. విదేశీ స్టూడెంట్ల వివరాలు కాలేజీల నుంచి ప్రభుత్వం సేకరించాలన్నదీ అందులోనే ఉంది. 2003లో వచ్చిన సెవిస్‌కి, అంటే ఆ వివరాలు నమోదు చేసే కంప్యూటర్ వ్యవస్థకి, విత్తనం అక్కడే పడింది. తల్లిదండ్రుల్ని పిలిపించుకునేటప్పుడు సంతకం పెట్టే ఐ-864 ఫారానికి ఇవాళ ఉన్న బలం కూడా అప్పుడు వచ్చిందే. అంతకుముందు అలాంటి హామీ పత్రాలు పేరుకే ఉండేవి, కోర్టుల్లో పెద్దగా నిలిచేవి కాదు. ఆ చట్టం తర్వాత అది గట్టి ఒప్పందం అయింది. స్పాన్సర్ చేసే మనిషి పేదరిక రేఖకి కనీసం 125 శాతం ఆదాయం చూపించాలి. వచ్చిన మనిషి పౌరసత్వం తీసుకునేదాకానో, 40 త్రైమాసికాల పని లెక్క పూర్తయ్యేదాకానో ఆ బాధ్యత మన మీద ఉంటుంది.

2009లో మా అమ్మ కోసం ఆ ఫారం నింపాను. వంటింటి బల్ల మీద టాక్స్ కాగితాలు పరుచుకుని రెండు రాత్రులు కూర్చున్నాను. అందులో ప్రతి గడి వెనకా నేను టీవీ ఆపేసి పడుకున్న ఆ ఏడాది ఉందని అప్పటికీ నాకు తెలీదు. టీచరు అడిగిన ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెట్టాకే తెలిసింది.

ఈ విషయాల మీద క్లింటన్‌కీ డోల్‌కీ మధ్య ఎన్నికల్లో తేలాల్సినంత తేడా కనిపించలేదు. రెండు బిల్లులకీ రెండు పార్టీల నుంచీ ఓట్లు పడ్డాయి. ఒకే లింగానికి చెందినవాళ్ల పెళ్లిని ఫెడరల్ ప్రభుత్వం గుర్తించకూడదన్న చట్టం మీద కూడా క్లింటన్ అదే సెప్టెంబరులో అర్ధరాత్రి దాటాక సంతకం పెట్టాడు. దానికి డోల్ మద్దతు ముందునుంచీ ఉంది. అందుకే ఆ ఎన్నిక చప్పగా అనిపించింది. గొడవ పడాల్సిన చోట ఇద్దరూ చేతులు కలిపారు.

1924 గురించి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మళ్లీ అదే కథ. ఆ ఏడాది మే 26న అప్పటి అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ వలస చట్టం మీద సంతకం పెట్టాడు. 1890 జనాభా లెక్కల్లో ఏ దేశం వాళ్లు ఎందరున్నారో చూసి, అందులో రెండు శాతాన్నే కోటాగా పెట్టారు. తూర్పు, దక్షిణ యూరప్‌ల నుంచి పెద్ద సంఖ్యలో జనం రావడానికి ముందటి లెక్కలని తెలిసే ఆ ఏడాదిని ఎంచుకున్నారు. ఆసియా వాళ్లలో చాలామందికి 1917 చట్టమే దారి మూసేసింది. ఇప్పుడు పౌరసత్వానికి అర్హత లేనివాళ్లెవరూ వలస రాకూడదన్నారు. భారతీయులకి ఆ అర్హత లేదని సుప్రీంకోర్టు అప్పటికే తేల్చేసింది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో వచ్చిన తీర్పు అది. థిండ్ అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి.

ఆ నవంబరులో కూలిడ్జ్ 382 ఎలక్టోరల్ ఓట్లతో సునాయాసంగా గెలిచాడు. డెమోక్రాట్ జాన్ డబ్ల్యూ. డేవిస్‌కి 136, ప్రోగ్రెసివ్ అభ్యర్థి రాబర్ట్ లాఫాలెట్‌కి సొంత రాష్ట్రం విస్కాన్సిన్ ఇచ్చిన 13. ఓటింగ్ ఇక్కడా దాదాపు 49 శాతమే.

నిజానికి ఆ ఏడాది చప్పగా లేనిది డెమోక్రాట్లు తమ అభ్యర్థిని ఎంచుకునే సభ, కన్వెన్షన్, ఒక్కటే. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, ఎండాకాలం ఉక్కలో, రెండు వారాలకి పైగా సాగింది. నల్లవాళ్ల మీద, వలసదారుల మీద ద్వేషం రెచ్చగొట్టే కు క్లక్స్ క్లాన్‌ని పేరు పెట్టి ఖండించాలన్న తీర్మానం సుమారు ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. ఒక్క ఓటు! అభ్యర్థి కావాలని పోటీపడ్డ మెకాడూ వర్గం ఒకవైపు, ఆల్ స్మిత్ వర్గం ఒకవైపు పట్టు వదలక, 103 సార్లు ఓటింగ్ జరిగాక డేవిస్ పేరు ఖాయమైంది. ఇదంతా జనం రేడియోలో విన్నారు. విని విసిగిపోయారు.

కూలిడ్జ్ మాత్రం పెద్దగా ప్రచారం చెయ్యలేదు. అది వ్యూహమని చాలాచోట్ల రాస్తారు. కానీ ఆ కన్వెన్షన్ ఇంకా నడుస్తుండగానే, జూలై 7న ఆయన చిన్న కొడుకు చనిపోయాడు. పదహారేళ్ల పిల్లాడు. వైట్‌హౌస్ కోర్టులో సాక్సులు లేకుండా టెన్నిస్ ఆడితే కాలి వేలికి పొక్కు లేచింది, అది విషమించి రక్తంలోకి పాకింది. యాంటీబయాటిక్స్ లేని రోజులు. దేశాధ్యక్షుడై ఉండి కూడా ఏమీ చెయ్యలేకపోయాడు. వేలమంది బయటి పిల్లలకి తలుపు మూసిన ఆ సంతకం మీద నాకు కోపం ఉంది. అయినా ఈ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను.

మా టీచరుకి ఇదంతా చెప్పాలని మరుసటి నవంబరు దాకా ఆగాను. ఆవిడ మొత్తం విని, "మరి 1956 సంగతేంటి?" అంది. అప్పటి అధ్యక్షుడు, రిపబ్లికన్ ఐసెన్‌హోవర్, డెమోక్రాట్ స్టీవెన్‌సన్ ఇద్దరే మళ్లీ తలపడ్డారు, నాలుగేళ్ల క్రితం ఫలితమే మళ్లీ వచ్చింది, 457, 73. అప్పుడు ఆవిడ చిన్నపిల్ల. వాళ్ల నాన్న ఆ రాత్రి రేడియోలో సూయజ్ యుద్ధం, హంగరీ తిరుగుబాటు వార్తలు విన్నాడే తప్ప ఎన్నిక గురించి పట్టించుకోలేదట.

అదృష్టం కొద్దీ ఆ ఏడాది గురించీ చదివాను. బ్యాలెట్‌లో పైన ఉన్న రెండు పేర్లు వదిలేసి కిందికి చూడమన్నాను. కాలిఫోర్నియాలో రివర్‌సైడ్, ఇంపీరియల్ కౌంటీల నుంచి ప్రతినిధుల సభకి డెమోక్రాట్ల తరఫున దలీప్ సింగ్ సౌంద్ నిలబడ్డాడు. పంజాబ్‌లో పుట్టి, బర్కిలీలో లెక్కల్లో డాక్టరేట్ చేసి, ఉద్యోగం దొరక్క ఇంపీరియల్ వ్యాలీలో పొలం దున్నిన మనిషి. భారతీయులకి పౌరసత్వం ఇవ్వొచ్చని 1946లో చట్టం మారాక, 1949లో పౌరుడయ్యాడు. మరుసటి ఏడాదే వెస్ట్‌మోర్‌ల్యాండ్‌లో జడ్జిగా గెలిస్తే, పౌరసత్వం వచ్చి ఏడాది కాలేదని పదవి ఇవ్వలేదు. 1952లో మళ్లీ పోటీ చేసి గెలిచాడు. 1956లో కాంగ్రెస్‌కి ఆయన మీద పోటీ చేసింది ఎవరనుకున్నారు? ధ్వని వేగాన్ని దాటి విమానం నడిపిన మొదటి మహిళ జాక్వెలిన్ కాక్రన్, స్వయానా ఐసెన్‌హోవర్ స్నేహితురాలు. ఐసెన్‌హోవర్ గాలి అంత బలంగా వీస్తున్నా సౌంద్ కొద్ది తేడాతో గెలిచాడు. కాంగ్రెస్‌లోకి ఎన్నికైన మొదటి ఆసియన్ ఆయనే. 1924లో తలుపు మూసింది ఏ మనుషుల మీదో, వాళ్లలో ఒకడు ఆ చప్పటి ఎన్నిక అడుగు నుంచి లోపలికి వచ్చాడు.

టీచరు ఆ పేరు రెండుసార్లు పలికించుకుని కాగితం మీద రాసుకుంది. ముప్ఫై ఏళ్లు చరిత్ర చెప్పినా ఆయన గురించి వినలేదట.

ఆ సాయంత్రం ఐదు దాటాక మా అమ్మ వచ్చింది. అమ్మ పౌరసత్వం తీసుకున్నాక వేస్తున్న మొదటి ఓటు. ఇంటర్వ్యూ కోసం వంద ప్రశ్నలూ బట్టీ పట్టింది. అధ్యక్షుడికి ఏ నెలలో ఓటేస్తామన్న ప్రశ్న వాటిలో ఒకటి, "నవంబర్" అని వంట చేస్తూ కూడా అనుకునేది. తీరా బ్యాలెట్‌లో అధ్యక్షుడి పేరు లేదు. టౌన్‌షిప్ ట్రస్టీలు, స్కూల్ బోర్డు, స్కూళ్ల కోసం ఆస్తి పన్ను పెంచాలా వద్దా అన్న ఒక ప్రశ్న, అంతే. సొంత అమ్మ కదా అని నేను పక్కకి తప్పుకున్నాను, టీచరే ఐడీ చూసి సంతకం పెట్టించుకుంది. పెద్దాయన మెషీన్ దాకా తీసుకెళ్లాడు.

అమ్మ ఇరవై నిమిషాలు తీసుకుంది. అన్ని పేర్లూ, పన్ను ప్రశ్నలో ప్రతి మాటా వేలు పెట్టి చదువుకుంటోందని దూరం నుంచే తెలుస్తోంది. వెనక లైన్లో ఎవరూ లేరు. మేం ముగ్గురం ఏమీ మాట్లాడకుండా, అమ్మ అయ్యేదాకా నిలబడే ఉన్నాం.